వీక్లీ ఆఫ్‌నాడు లేపాక్షికి

హోసూరు పక్క జూజువాడి పిల్లలకు సరిహద్దు దాటడం కొత్త కాదు. పొద్దున పాల ప్యాకెట్ తమిళనాడులో కొని, తొమ్మిదింటికల్లా కర్ణాటకలో పంచ్ కొట్టేవాళ్లు మన వీధివీధికీ ఉన్నారు. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, అత్తిబెలె దాటితే కన్నడం, లైను మీద పక్కన నిలబడేది ఝార్ఖండ్ పిల్ల అయితే హిందీ. ఇంకోచోటివాళ్లు పుస్తకాలు ముందేసుకుని నేర్చుకునేదాన్ని మీరు బస్సులో నిలబడి నేర్చుకున్నారు. 2016 సెప్టెంబరులో కావేరి గొడవ ముదిరి బస్సులు మన చెక్‌పోస్టు దగ్గరే నిలిచిపోతే, జనం సంచులు నెత్తిన పెట్టుకుని అత్తిబెలె దాకా నడిచి పోయారు. మీకు తెగువ లేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

కానీ ఒక సంగతి అడుగుతాను. ఇంత తెగువ ఉన్నవాళ్లు ఆ రోడ్డు మీద ఎప్పుడూ ఒకే కొసదాకా పోయి ఎందుకు తిరిగొస్తున్నారు? బొమ్మనహళ్లి, సిల్క్‌బోర్డు, మహా అయితే మెజెస్టిక్. డ్యూటీ అంటే అక్కడికే, సినిమా అంటే అక్కడికే, పెళ్లిబట్టలంటే అక్కడికే. మన గడప ముందునుంచి పోయే 44వ నంబరు జాతీయ రహదారి బెంగళూరులో ఆగిపోదు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సాగే రోడ్డు అది. ఉత్తరంగా పట్టుకుని పోతే బెంగళూరు, దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి దాటాక ఇంకో చెక్‌పోస్టు వస్తుంది, కొడికొండ. అక్కడ ఆంధ్ర మొదలు. ఎడమకు తిరిగితే లేపాక్షి. మొత్తం రమారమి 160 కిలోమీటర్లు. చీకటితో బయల్దేరితే ఎండెక్కేలోపు గుడి ముందుంటారు, రాత్రి అన్నానికి ఇల్లు చేరతారు.

వచ్చే వీక్లీ ఆఫ్‌కు అక్కడికి పోండి. చెప్పదలచింది ఈ ఒక్క మాటే. మిగతాదంతా మిమ్మల్నే ఎందుకు పొమ్మంటున్నానో, పోయి ఏం చూడాలో.

గుళ్లూ గోపురాలూ పెద్దవాళ్ల పని అని మీలో కొందరి లెక్క. భక్తి ఉంటే దండం పెట్టుకోండి, లేకపోతే మానండి, దాని జోలికి నేను రాను. ఫోన్ల మీద పడి ఏడవడానికీ రాలేదు. ఆరు రోజులు షిఫ్టులు చేసి ఏడో రోజు మధ్యాహ్నం దాకా పడుకున్నవాణ్ణి సోమరి అనే పెద్దమనుషులు ఒక్క వారం నైటుషిఫ్టు చేసి ఆ తర్వాత మాట్లాడాలి. మిమ్మల్ని పొమ్మనడానికి నా కారణం వేరు. మీరు చేతిపని ఎరిగినవాళ్లు. లేపాక్షి చేతిపని.

సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చిన దగ్గర్నుంచీ హోసూరులో టీవీఎస్ బండి, అశోక్ లేలాండ్ లారీ, టైటాన్ గడియారం తయారై దేశమంతా పోతున్నాయి. వాటి చుట్టూ వందల చిన్న వర్క్‌షాపులు. ఇప్పుడు మన జిల్లా పోచంపల్లిలో ఆడపిల్లలు విద్యుత్ స్కూటర్లు బిగిస్తున్నారు, ఇటు టాటా ఎలక్ట్రానిక్స్‌లో ఫోను భాగాలు చేస్తున్నారు. మైక్రోమీటరు పట్టి మిల్లీమీటరులో నూరోవంతు తేడాను పట్టేసే కళ్లు మీవి. రిజెక్టయిన జాబ్‌ను వేళ్లతో తడిమి, టూల్ ఎక్కడ మొద్దుబారిందో చెప్పగలిగినవాళ్లు మీలో ఉన్నారు. అలాంటి కళ్లు లేపాక్షి రాయిమీద పడాలి. చరిత్ర చదివినవాళ్లు ఆ గుడిని ఒక తీరుగా చూస్తారు. పనివాడు చూసే తీరు వేరు. ఆ చూపుతో చూసి నలుగురికీ చెప్పేవాళ్లు కరువైపోయారు.

దారిలో కిటికీ పక్క సీటు పట్టండి. చిక్కబళ్లాపురం వస్తుండగా ఎడమచేతి పక్క నంది కొండలు కనబడతాయి. రెండు పినాకినులూ పుట్టేది ఆ కొండల వరసలోనే. దక్షిణ పినాకిని మన వైపు వచ్చి, కెలవరపల్లి డ్యాము నింపి, కృష్ణగిరి డ్యాము దాటి, కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఉత్తర పినాకిని హిందూపురం వైపు పోయి, పెన్న అనిపించుకుని, నెల్లూరు దాటి సముద్రం చేరుతుంది. కెలవరపల్లి గేట్లెత్తినప్పుడు గుట్టలు గుట్టలుగా లేచే తెల్ల నురుగు మీరు చూసే ఉంటారు. దారిలో బెంగళూరు ఆ నదికి కట్టబెట్టిన మురుగు అది. పుట్టిన కొండను ఒకసారి కళ్లారా చూశాక ఆ నురుగు మీద మీకు కోపం రావచ్చు. వస్తే మంచిదే.

ఆ కొండల దాపునే ముద్దేనహళ్లి, ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. ఆయన పెద్దలది ఆంధ్రలోని మోక్షగుండం. ఐటీఐ చదివిన ప్రతివాడూ ఆగి చూడవలసిన చోటే కానీ, ఒక్క రోజులో రెండూ కుదరవు. ఇంకో ఆదివారానికి దాచుకోండి. బాగేపల్లిలో టీ తాగండి. కర్ణాటకలోనే ఉంటారు గానీ హోటల్‌వాడు తెలుగులో పలకరిస్తాడు. మనకు అందులో వింతేమీ తోచదు. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు మాత్రం నోరు తెరుస్తారు.

లేపాక్షిలో ముందు బసవన్న దగ్గర దిగండి. గుడి కాస్త అవతల ఉంటుంది, తొందరేం లేదు. ఒకే బండ. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మెడలో హారాలు, గంటల పట్టెడ, వీపు మీద కట్టిన అలంకారం అన్నీ ఆ బండలోంచి తీసినవే. అందరూ దాని ముందు నిలబడి సెల్ఫీ తీసుకుని పోతారు. మీరు చుట్టూ తిరగండి. తిరుగుతూ ఒక్క ప్రశ్న వేసుకోండి: చెక్కడం ఎక్కడ మొదలుపెట్టి ఉంటారు? ముట్టె దగ్గరా, మూపురం దగ్గరా? ఫౌండ్రీలో పోత చెడితే కరిగించి మళ్లీ పోస్తారు. వెల్డింగులో లోపం వస్తే నింపుతారు. రాతిలో తీసిందే తీసింది, మళ్లీ పెట్టడానికి లేదు. ఆ చివరి గంట చెక్కేటప్పుడు ఉలి అర అంగుళం జారితే 27 అడుగుల పని అంతా పాడయ్యేది. జారలేదు. డ్రాయింగు షీటు లేదు, గ్రైండరు లేదు, నాణ్యత చూసే ఇన్‌స్పెక్టరు కూడా ఉన్నాడో లేడో. మన జిల్లాలో జగదేవి, బర్గూరు పక్క గ్రానైటు క్వారీల్లో డైమండ్ వైరుతో కొండను ఎలా కోస్తారో మీలో కొందరికి తెలుసు. అదే జాతి గట్టిరాయిని ఉలీ సుత్తీ పట్టుకుని లొంగదీసినవాళ్ల పని ఇది. ఎంత కష్టమో ఆ క్వారీవాళ్లకు తెలిసినంతగా నాకు తెలియదు.

ఇక గుడి. తాబేలు వీపులా ఉండే చిన్న గుట్ట మీద ఉంటుంది, కూర్మశైలం అంటారు. అచ్యుతదేవరాయలు విజయనగరాన్ని ఏలిన కాలంలో, అంటే 1529కీ 1542కీ మధ్య, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు దీన్ని కట్టించారు. విరూపణ్ణ పెనుకొండ సీమలో రాయలవారి అధికారి. దేవుడు వీరభద్రుడు. 2022లో ఈ గుడినీ, ఆ బసవన్ననూ కలిపి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు.

నాట్యమండపంలో అడుగు పెట్టగానే గైడు మిమ్మల్ని నేరుగా వేలాడే స్తంభం దగ్గరికి లాక్కుపోతాడు. కింద తువ్వాలు దూర్చి ఇవతల్నుంచి అవతలికి లాగి చూపిస్తాడు. ఎవరో ఇంగ్లీషు ఇంజనీరు దాన్ని కదిలించబోతే మండపం అంతా కదిలిందని కథ చెబుతాడు. కథ వినండి, చప్పట్లు కొట్టకండి. గైడు పక్కకు పోయాక ఫోను టార్చి వెలిగించి నేలకు ఆనించి చూడండి. సందులోంచి వెలుగు అవతలికి ఎక్కడ పోతోంది, ఎక్కడ ఆగిపోతోంది? నాలుగు మూలలూ ఒకేలా ఉన్నాయా? స్తంభం నిట్టనిలువుగా ఉందా, కొంచెం పక్కకు ఒరిగిందా? ఫీలర్ గేజ్ వాడినవాళ్లకు ఈ ప్రశ్నలు పుట్టుకతో వచ్చినట్టే వస్తాయి. ఇనుప గేజ్ మాత్రం అందులో దూర్చకండి, పాతరాయి అంచు పెచ్చు లేస్తుంది. ఇప్పుడు తలెత్తి పైన దూలాలు చూడండి. బరువంతా దూలాల మీదుగా పక్క స్తంభాలకు పంచుకుపోతుంటే, ఒకటి తన వాటా మొయ్యకపోయినా కప్పు నిలుస్తుంది. మహిమ అనుకునేవాళ్లు మహిమ అనుకోనీ. పంచుకున్న బరువు అని తెలుసుకున్నవాడికి ఆశ్చర్యం తగ్గుతుందా? నాకైతే పెరుగుతుంది.

ఆ స్తంభం దగ్గరే రోజంతా గడిపేయకండి. ఆ మండపంలో రంభ ఆడుతుంటే దేవతలే మేళగాళ్లు. తుంబురుడు ఉన్నాడు, మద్దెల వాయించే బ్రహ్మ ఉన్నాడు, మూడు కాళ్ల భృంగి ఉన్నాడు. మద్దెల మీద పడిన చేతివేళ్లు చూడండి. దెబ్బ వేసి లేస్తున్న చెయ్యి ఏది, వేయబోతున్న చెయ్యి ఏది? చెక్కినవాడికి తాళం తెలుసో లేదో మన పక్క పలక వాయించే పిల్లవాడైతే చప్పున చెప్పేస్తాడు. అలాంటివాడు మీ జట్టులో ఒకడుంటే వాణ్ణి తప్పకుండా తీసుకుపోండి.

తర్వాత మెడ నొప్పి పుట్టేదాకా పైకప్పు చూడాలి. సున్నపు పూత మీద నల్లటి గీతలు గీసి ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ నింపిన బొమ్మలు. 24 అడుగుల పొడవున, 14 అడుగుల వెడల్పున వీరభద్రుడొక్కడే కప్పంతా పరుచుకుని ఉంటాడు. పార్వతి పెళ్లి ఉంది, అర్జునుడూ కిరాతుడూ పోట్లాడే అడవి ఉంది. మగవాళ్ల నెత్తిన పొడుగాటి కుళ్లాయిలు. ఆడవాళ్ల చీరలు చూడండి, ఏ రెండూ ఒక్కలా ఉండవు. గళ్లు, చారలు, పువ్వులు, అంచుల్లో హంసలు. మగ్గం మీద ఆ అంచు ఎలా తీస్తారో తెలిసిన అమ్మణ్ణి ఎవరైనా ఉంటే అక్కడ గంటసేపు నిలబడిపోతుంది. అయిదు వందల ఏళ్ల కిందట ఈ సీమలో ఏ గుడ్డ కట్టారో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి రంగుల ఆల్బం మనకు లేదు.

ఆ బొమ్మల్లో ఒకదాని కింద మాత్రం మిమ్మల్ని ప్రత్యేకంగా ఆపాలి. ఒక ఆవు, ఒక గంట, ఒక రథం, ఒక రాజు. గుర్తొచ్చిందా? తన కొడుకు రథం కింద దూడ నలిగి చచ్చిపోతే, ఆవు వచ్చి ధర్మగంట కొడితే, అదే శిక్ష కొడుక్కూ వేసిన మనునీతి చోళుడు. మీరు తమిళ బళ్లో చిన్నప్పుడే విన్న కథ. తిరువారూరు కథ ఎక్కడ, లేపాక్షి కప్పు ఎక్కడ! గీయించినవాళ్లు పెనుకొండ అధికారులు, ఊరు తెలుగు ఊరు, గోడల మీద శాసనాలు కన్నడంలో. చాలామంది ఈ గుడిని ఒక వైపునుంచే చూసి పోతారు. విజయవాడ నుంచి వచ్చినవాడికి గైడు మాట అర్థమవుతుంది, శాసనం ముందు నోరు మూతపడుతుంది. మైసూరువాడికి అక్షరం ఎక్కడో తగులుతుంది, చోళుడి కథ తెలియదు. తంజావూరువాడు చోళుణ్ణి గుర్తుపట్టి అక్కడే ఆగిపోతాడు. ఈ మూడూ ఒక్క తలలో ఉన్నది ఎవరికి? చెక్‌పోస్టు పక్కన పుట్టినందుకు మిమ్మల్ని అటూ కాదు ఇటూ కాదని వెక్కిరించినవాళ్లున్నారు కదా. ఆ కప్పు కింద నిలబడి వాళ్లను ఒకసారి తలుచుకోండి.

ఇక్కడ కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమనుకోకండి. మీలో చాలామందికి తెలుగు నోట్లో ఉంది, కంట్లో లేదు. తప్పు మీది కాదు. తమిళాన్ని మొదటి భాషగా తప్పనిసరి చేసిన చట్టం 2006లో వచ్చింది, ఒక్కో తరగతీ ఎక్కుతూ 2015-16కు పదోతరగతి చేరింది. ఆ ఏళ్లలో చదివిన పిల్లల చేతుల్లోంచి తెలుగు వాచకం జారిపోయింది. కోర్టులకు పోయి మినహాయింపులు తెచ్చుకున్నవాళ్లకు దండం. తమిళం మీకు వచ్చింది, అది లాభమే, పోగొట్టుకోకండి. దాని మీద తెలుగు అక్షరం కూడా ఎక్కించుకోండి. పెద్ద తపస్సేమీ కాదు. అత్తిబెలె నుంచి మెజెస్టిక్ దాకా కన్నడ బోర్డులు చదివేవాడికి తెలుగు అక్షరం సగం వచ్చినట్టే, రెండు లిపులూ అంత దగ్గర. కొడికొండ దాటాక బోర్డులన్నీ తెలుగే. ఒక్కొక్కటీ పైకి చదువుతూ పోండి. తప్పు చదివితే పక్కవాడు నవ్వుతాడు, నవ్వనివ్వండి.

గుడి వెనక వైపు ఏడు పడగల నాగలింగం ఉంది. అమ్మ వంట ముగించేలోపు శిల్పులు చెక్కేశారని చెబుతారు. అమ్మ వంట సంగతి నాకు తెలియదు గానీ, అన్నం రావడం ఆలస్యమై ఖాళీగా కూర్చోలేక పనిలో పడ్డ చేతులు మన వర్క్‌షాపుల్లోనూ ఉన్నాయి కాబట్టి ఆ కథ నాకు నచ్చుతుంది. నేల మీద బండలో పళ్లేల ఆకారంలో గుంటలు కనబడతాయి, పనివాళ్లు అందులో అన్నం తినేవారంటారు.

ఆ పక్కనే కల్యాణమండపం. సగంలో ఆగిపోయింది. కప్పు లేకుండా స్తంభాలు ఆకాశం కింద నిలబడి ఉంటాయి. రాజుకు చెప్పకుండా ఖజానా డబ్బు గుడికి ఖర్చు పెట్టాడని విరూపణ్ణ మీద నింద పడిందట. రాజు శిక్ష వేయకముందే తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడట. గోడ మీద ఆ ఎర్రమరకలు ఇవేనని చూపిస్తారు. నేను ఆ మరకల దగ్గర ఎక్కువసేపు నిలబడను. లెక్కల గొడవలో పెద్దలకేమైందో కథ చెబుతోంది. పని ఆగిపోయిన రోజు ఉలి కింద పెట్టి ఇంటికి పోయిన శిల్పులకేమైందో చెప్పడం లేదు. ఆ నెల కూలి వాళ్లకు వచ్చిందా? కాంట్రాక్టు లేబరుగా పనిచేసి, ఆర్డరు తగ్గిందని చెప్పి ఒక్క పూటలో గేటు బయట నిలబెట్టినవాళ్లకు ఈ ప్రశ్న నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. సగం చెక్కిన రాయి దగ్గరే పని పద్ధతి బయటపడుతుంది కాబట్టి ఆ మండపంలోనే ఎక్కువ కాలం గడపండి. నున్నగా తేలిన ముఖం మీద కనబడని ఉలిగాటు ఆగిన చోట కనబడుతుంది.

సగంలో ఆగిన పని లోకానికి కొత్త కాదు. జర్మనీలో కొలోన్ కెథడ్రల్ 1248లో మొదలై, మధ్యలో వందల ఏళ్లు ఆగిపోయి, 1880లో పూర్తయింది. ఆ ఆగిన కాలమంతా సగం కట్టిన బురుజు మీద రాళ్లెత్తే క్రేను అలాగే నిలబడి ఉండేది. అదే ఆ ఊరి గుర్తయిపోయింది. యూరప్‌లో పిల్లలను బడినుంచి ఒక్కరోజు అలాంటి కెథడ్రల్ ఊళ్లకు తీసుకుపోయి, ఇది మీ తాతల చేతిపని అని చూపిస్తారు. మన తెలుగుదేశంలోనూ అలాంటి ఊరొకటి ఉంది, మెదక్. అక్కడి కెథడ్రల్‌ను వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో మొదలుపెట్టించి పదేళ్లు కట్టించాడు. 1924 డిసెంబరు 25న తలుపులు తెరిచారు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురం. కరువు రోజుల్లో ఊరికే గంజి పోయకుండా పని చూపించి తిండి పెట్టిన కట్టడమని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసిన రంగు అద్దాల కిటికీలు బయటినుంచి చూస్తే మసక గాజులు. పగటిపూట లోపలికి పోతేనే బొమ్మ కడుతుంది. పోస్నెట్ పేరు అందరికీ తెలుసు, సాలిస్‌బరీ పేరు తెలుసు. రాళ్లు మోసిన మెదక్ జనం పేర్లు ఎవరికి తెలుసు? జూజువాడి నుంచి మెదక్ ఒక్కరోజులో తెమలదు. పండగ సెలవులు కలిసొచ్చినప్పుడు పోండి. దేవుడు మారినా, అడగవలసిన ప్రశ్నలు మారవు.

లేపాక్షి ముగించాక హిందూపురం మీదుగా తిరగండి. చింతపండు, బెల్లం, మిరపకాయల మార్కెట్టు అది, అమ్మకు ఏదో ఒకటి కొనండి. రైలైతే అక్కణ్ణుంచే బెంగళూరుకు ఉంది. పెనుకొండ ఆ వైపునే ఉంది గానీ అదే రోజు పెట్టుకోవద్దు, హడావిడిగా చూస్తే దానికి అవమానం. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో విజయనగరం కూలాక రాజధాని అయిన ఊరు. దాన్ని చూడవలసిన కారణం మీకు వేరే ఉంది. ఆ తర్వాత శత్రుసేన పెనుకొండను ముట్టడిస్తే నిలబడి కాచినవాడు జగదేవరాయలు. అందుకు బహుమానంగా రాయలవారు ఆయనకు అప్పగించిన సీమ ఏదో తెలుసా? బారామహల్. మన కృష్ణగిరి అందులోదే. బర్గూరు దగ్గరి జగదేవి ఊరు ఆ పేరు ఇంకా మోస్తోంది. పెనుకొండ కోటగోడకూ మన క్వారీ లారీలు తిరిగే ఊరికీ అంత చుట్టరికం. ఇది మీ పాఠాల్లో ఏ బడీ చెప్పలేదు, తమిళ బడీ చెప్పలేదు, తెలుగు బడీ చెప్పలేదు. కాబట్టి మీరే పోయి తెచ్చుకోవాలి.

లేపాక్షిలో సానబట్టిన కళ్లు ఇంట్లో కూడా పనికిరావాలి. హోసూరు చంద్రచూడేశ్వరుడి కొండకు ప్రతి ఏడూ తేరుకు పోతారు, పిప్పరమెంట్లు కొనుక్కుని వచ్చేస్తారు. అక్కడి శాసనం ముందు ఒక్క నిమిషం నిలబడినవాళ్లు చేతులెత్తండి. మల్లచంద్రంలో ఇనుపయుగపు రాతిగూళ్లు ఉన్నాయి. చనిపోయినవాళ్లకు బండలతో కట్టిన ఇళ్లు అవి. కృష్ణగిరి మ్యూజియంలో వీరగల్లులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. పశువులను కాచి, ఊరిని కాచి చనిపోయినవాళ్ల రాళ్లు. మ్యూజియం చేరనివి ఇంకా చేలగట్ల మీద ఉన్నాయి. లేఅవుట్ వేసేవాడి జేసీబీకి అది వీరగల్లో, అడ్డమొచ్చిన బండో తేడా తెలియదు. తెలిసిన మనిషి ఆ పక్కన ఉండాలి. మీ చేను పక్కన కత్తి పట్టిన బొమ్మ ఉన్న రాయి కనబడితే ఫోటో తీయండి, చోటు రాసిపెట్టండి, మ్యూజియంవాళ్లకు చెప్పండి. ఆ రాయి మీద పసుపు రాసి మొక్కే ముసలమ్మ ఉంటే ఆమె చెప్పేది ముందు వినండి, ఆమెకు తెలిసింది మ్యూజియంలో దొరకదు.

ఇంట్లో అడ్డుపడేవాళ్లుంటారు. మగపిల్లలను ఎవరూ ఏమీ అనరు, అడ్డమంతా ఆడపిల్లలకే. రాత్రి రెండో షిఫ్టు ముగించి కంపెనీ బస్సులో తిరిగొచ్చే పిల్లను పట్టపగలు గుడికి పంపడానికి భయమేమిటి అని అడగండి. అలా అడిగాక జవాబు చెప్పడం ఏ నాయనకైనా కష్టమే. హాస్టల్లో ఉండే ఒడిశా, ఝార్ఖండ్ పిల్లలను కూడా పిలవండి. ఇక్కడికొచ్చి ఏళ్లయినా వాళ్లు చూసింది హాస్టలు, గేటు, మెషీను. కోణార్క్ ఒడిశావాళ్లది. లేపాక్షి స్తంభాల ముందు నిలబెట్టి వాళ్ల ఊరి రాయి కబుర్లు చెప్పించుకోండి.

శివరాత్రి రోజుల్లో వద్దు, జనంలో స్తంభం కూడా కనబడదు. కప్పు బొమ్మల మీద ఫ్లాష్ కొట్టకండి, గోడలకు ఆనుకోకండి, అయిదు వందల ఏళ్లు నిలిచిన రంగు మన చెమటకు పోకూడదు. ఒక్క నోటుపుస్తకం జట్టుకంతటికీ చాలు. ఎవరు బస్సు టైము కనుక్కుంటారో, ఎవరు పులిహోర కడతారో ఈ రాత్రే గ్రూపులో తేల్చుకోండి. సోమవారం పొద్దున షిఫ్టులో పక్క మెషీనువాడు నిన్నంతా ఎక్కడికి పోయావని అడుగుతాడు. స్తంభం కింద సందు ఏ మూలన ఎంత ఉందో మీ లెక్క చెప్పండి. వాడు నమ్మకపోతే వచ్చేవారం వాణ్ణీ ఎక్కించుకుని పోండి.